చేతిపని ఊరికే వస్తుందా?

పాత చీరతో సంచి కుట్టినా, పిల్లలకి పొట్టిదైపోయిన స్వెటరు విప్పి టోపీ అల్లినా, చూసినవాళ్ళు ముందుగా అనే మాట ఒకటే. "భలే చేశావే, పైసా ఖర్చు లేకుండా!" మెచ్చుకోలుగానే అంటారు, అందులో సందేహం లేదు. కానీ నాకు పేచీ అంతా ఆ "పైసా ఖర్చు లేకుండా" దగ్గరే.

నిజమే, చీర కొత్తగా కొన్నది కాదు. కత్తెర, మిషను ఇంట్లోవే. దారం రీలుకి ఎంతో కాదు. కానీ బీరువాలో మడతపెట్టి ఉన్న చీర దానంతటది సంచిగా మారిపోదు కదా. ముందు ఆ చీరని వెలుతురులో పట్టుకుని చూడాలి. కుచ్చిళ్ళ దగ్గర నలిగిపోయి ఉంటుంది, కింద ఫాల్ కుట్టిన చోట రంగు తేడా ఉంటుంది, భుజం మీద పిన్ను పెట్టిన చోట చిల్లులుంటాయి. రెండు చేతులతో గట్టిగా లాగి, ఎక్కడ పిగులుతుందో, ఎక్కడ ఆగుతుందో తేల్చుకోవాలి. బాగున్న భాగం ఉతికి, ఇస్త్రీ చేసి, గీత గీసి కత్తిరించాలి. కొత్త గుడ్డతో అయితే ఈ ముందు పనులేవీ ఉండవు, తానులోంచి తీసి కత్తెర వెయ్యడమే. అంటే పాత వాటితో చేసే పనికి కొత్త వాటికంటే ఎక్కువ సమయమే పడుతుంది. డబ్బులు మిగిలాయంటే, ఆ మిగిలిన డబ్బుకి బదులు ఎవరో తన గంటలు పెట్టిందన్నమాట. ఆ ఎవరో ఎప్పుడూ ఇంట్లో ఉండే ఆడమనిషే.

ఆ మధ్య మా ఆడపడుచు గృహప్రవేశం పెట్టుకుంది. ఫోన్ చేసి, "వదినా, నీ దగ్గర పాత చీరలు బోలెడున్నాయి కదా, తాంబూలం సంచులు ఒక అరవై కుట్టిపెట్టవూ! ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఇవ్వడం నాకిష్టం లేదు. మధ్యాహ్నం పూట నువ్వెలాగూ ఖాళీయేగా" అంది. ప్లాస్టిక్ వద్దనుకోవడం మంచి ఆలోచనే. నాకూ సంతోషంగానే అనిపించింది. ఫోన్ పెట్టేశాక క్యాలెండర్ వెనక లెక్క వేసుకున్నాను. చిన్న సంచి, లోపల లైనింగు లేకుండా, రెండు పిడులతో అయినా సరే, కత్తిరింపు, ఇస్త్రీ, కుట్టు కలిపి ఒక్కోదానికి 25 నిమిషాలు. అరవైకి 1500 నిమిషాలు. అంటే 25 గంటలు. వంటా వార్పూ, పిల్లల చదువులూ, మామయ్యగారి మందులూ పోను రోజుకి రెండున్నర గంటలు మిషను ముందు కూర్చోగలిగితే పది రోజులు. ఇదీ "ఖాళీ" అన్న మాటలో దాగి ఉన్న సంగతి.

తిరిగి ఫోన్ చేసి చెప్పాను. "కుడతానమ్మా, కానీ నువ్వు రెండు రోజులు ముందు వచ్చి ఇక్కడ ఉండు. కత్తిరింపులు, ఇస్త్రీ నీ వంతు. మిషను పని నాది. ఆ రెండు రోజులూ వంటగది మీ అన్నయ్య చూసుకుంటారు" అన్నాను. కాస్త నొచ్చుకుంది. "సొంతవాళ్ళ దగ్గర కూడా లెక్కలా వదినా?" అంది. అయినా వచ్చింది. మొదటి పూట పదిహేను సంచులకి గుడ్డ కత్తిరించేసరికి నడుం పట్టేసింది పాపం. మధ్యాహ్నం భోజనాల దగ్గర తనే అంది, "అరవై ఎందుకులే వదినా, జంటకి ఒకటి ఇస్తే సరిపోదూ? నలభై చాలు" అని. నేనేమీ అనలేదు. మా వారు మాత్రం సాంబారు వడ్డిస్తూ నవ్వారు.

"సొంతవాళ్ళ దగ్గర కూడా లెక్కలా" అన్న ప్రశ్నని మాత్రం నేను తేలిగ్గా తీసెయ్యను. మనలో చాలామందిని నోరెత్తకుండా చేసేది అదే. ఆప్యాయతతో చేసే పనికి ధర కట్టకూడదని మనకి చిన్నప్పటినుంచీ నూరిపోశారు. ధర కట్టమని నేనూ అనడం లేదు. ధర వేరు, లెక్క వేరు. ఆడపడుచు దగ్గర సంచికి ఇంత అని నేను పుచ్చుకోను. కానీ ఆ సంచుల వెనక 25 గంటలున్నాయని ఆమెకి తెలియాలి. తెలిస్తేనే కదా అరవై అవసరమా, నలభై చాలా అన్న ఆలోచన వస్తుంది. చెయ్యి సాయం పట్టాలనీ తెలుస్తుంది. లెక్క తెలియని చోట అడగడానికి హద్దుండదు. అరవై బదులు నూట యాభై అయినా అంతే తేలిగ్గా అడుగుతారు.

ఇది ఒక్క మా ఇంటి గోల అనుకుంటే పొరపాటు. మన పశ్చిమ గోదావరిలో నరసాపురం లేసు ఉంది కదా. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా అక్కడికి వచ్చిన అల్లిక అది. ఒక కొక్కెం సూది, ఒక నూలు ఉండ, అంతే సరంజామా. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో అరుగుల మీద కూర్చుని అమ్మలక్కలు అల్లిన టేబుల్ గుడ్డలు దేశదేశాలకి వెళ్ళాయి. ఒకరు పువ్వులు అల్లితే మరొకరు వాటిని కలిపి అతుకుతారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త అంతకు చాలా ముందే అక్కడికి వచ్చి, ఆ ఆడవాళ్ళ మధ్య ఉండి పరిశీలించి, 1982లో ఒక పుస్తకం వేసింది. "నరసాపురం లేసు అల్లేవాళ్ళు" అని దాని పేరు. ఆమె తేల్చిన విషయం ఏమిటంటే, ఈ ఆడవాళ్ళు రోజులో ఎన్నో గంటలు అల్లుతున్నా వాళ్ళని పనివాళ్ళని ఎవరూ అనలేదు. ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో చేసుకునే పని అన్నారు. తీరిక వేళ పని అన్నారు కాబట్టే కూలీ అంత తక్కువగా ఉండిపోయింది. లాభం మటుకు వర్తకులకి చేరింది.

ఇది తెలిశాక "టైంపాస్‌కి అల్లుతూ ఉంటుంది" అన్న మాట నాకు అంత అమాయకంగా వినిపించడం మానేసింది. పరాయి దేశాలకి ఎగుమతి అయ్యే లేసునే టైంపాస్ అన్నవాళ్ళకి, మనం బనీను గుడ్డతో అల్లే కాలిపట్టా ఒక లెక్కా?

అసలు పాత బట్ట విలువ తెలిసినవాళ్ళం మనమే. బొంత సంగతే చూడండి. పైనా కిందా మెత్తబడిన నేత చీరలు పరిచి, మధ్యలో చిరిగిన పంచెలు, లుంగీలు, దుప్పటి ముక్కలు పేర్చి, అంచు దగ్గర మొదలుపెట్టి వరసలు వరసలుగా లోపలికి కుట్టుకుంటూ వస్తారు. బెంగాల్లో కాంథా, కర్ణాటకలో కౌది, బీహారులో సుజనీ, అన్నీ ఈ కోవలోవే. పాత బట్టకి ఒక గుణం ఉంది. ఎన్నో ఉతుకులు తిన్న నూలు చీరంత మెత్తన ఏ కొత్త గుడ్డకీ ఉండదు. పుట్టిన బిడ్డని పాత మెత్తటి గుడ్డలో చుట్టడం మన ఇళ్ళలో ఆనవాయితీ అయింది అందుకే. అంత పనితనం ఉన్న వస్తువుని మనం చివరికి ఎక్కడికి చేర్చాం? "గంతకు తగ్గ బొంత" అని ఎగతాళి సామెతలోకి. కుట్టినవాళ్ళ పేరు ఎవరికీ గుర్తుండదు. మరోపక్క బొంతలాంటి అతుకుల దుప్పటే పట్నంలో పెద్ద దుకాణంలో అద్దాల వెనక కనబడితే, దాని మీద చీటీ చూసి కళ్ళు తేలేస్తాం. ఆ చీటీ మీద ఉన్నది గుడ్డ ఖరీదు కాదు, చేతికుట్టు ఖరీదు. దుకాణంలో ఒప్పుకునే లెక్క ఇంట్లో ఎందుకు ఒప్పుకోం?

ఇక రెండో పేచీ. పిల్లల స్కూళ్ళలో "బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్" అని ఒక పోటీ ఉంటుంది. పేరు బాగుంది. జరిగేది చూడండి. సాయంత్రం ఏడింటికి పిల్లవాడు చల్లగా చెప్తాడు, రేపు పొద్దున్నకి వ్యర్థంతో ఏదో ఒకటి చేసి తీసుకురమ్మన్నారని. అప్పుడు స్టేషనరీ షాపుకి పరుగెత్తి, ఎవరూ చీకని కొత్త ఐస్‌క్రీమ్ పుల్లల ప్యాకెట్టు, థర్మాకోల్ షీటు, మెరుపుల పొడి, రంగులు, గ్లూ గన్నులోకి కడ్డీలు కొనుక్కొస్తాం. రాత్రి పదకొండుదాకా కూర్చుని చేసేది అమ్మ. మార్కులు పిల్లవాడికి. వారం తిరక్కుండా ఆ వస్తువు చెత్తబుట్టలోకి. వ్యర్థంతో వస్తువు చెయ్యమంటే డబ్బు పెట్టి వ్యర్థాన్ని కొనుక్కొచ్చినట్టయింది.

సీసాల సంగతి ఇంకా విడ్డూరం. నీళ్ళ సీసాలు, కూల్‌డ్రింకు సీసాలు పెట్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. శుభ్రంగా ఉంటే పాత సామాన్లవాడు తీసుకుంటాడు. అవి ముక్కలై, కరిగి, పాలిస్టరు దారంగా కూడా మారతాయి. దాన్నే మనం కోసి పువ్వులు చేసి, పెయింటు పూసి, మెరుపుల పొడి చల్లి, జిగురుతో అట్టకి అంటించామనుకోండి, ఇక దాన్ని ఎవడూ ముట్టుకోడు. మళ్ళీ పనికొచ్చే దాన్ని ఎందుకూ పనికిరాకుండా చేసి, దానికి హస్తకళ అని పేరు పెట్టడం నా మనసుకి నచ్చదు. ఆ సీసాని సామాన్లవాడికి ఇవ్వడమే దానికి చెయ్యగలిగిన మేలు. మన చేతులు పెట్టాల్సిన చోటు వేరే ఉంది.

ఎక్కడ పెట్టాలి అంటే, నేను చూసుకునేది ఒక్కటే. చేశాక అది ఇంట్లో రోజూ వాడకంలో ఉంటుందా? ఉంటుందంటే పెట్టిన గంటలు ఎక్కడికీ పోవు. చిరిగిన టీషర్టులున్నాయి. చంక కింద నుంచి అంచుదాకా ఉన్న గొట్టంలాంటి భాగాన్ని అంగుళం వెడల్పున చుట్టూ తిప్పుతూ ఒకే పొడుగు పేలికగా కత్తిరించి, గట్టిగా లాగితే దానంతటది చుట్టుకుపోయి లావు తాడులా వస్తుంది. పెద్ద కొక్కెం సూదితో దాన్ని గుండ్రంగా అల్లుకుంటే స్నానాల గది ముందు వేసుకునే పట్టా అవుతుంది. నూలు టీషర్టు అయితేనే సుమా. పాలిస్టరుది తడి పీల్చదు, కాళ్ళు తుడుచుకుంటే జారుతుంది. అలాంటివి, సింథటిక్ చీరలు, కూరల సంచులకీ, కుక్కరుకీ మిక్సీకీ తొడుగులకీ బాగా పనికొస్తాయి. త్వరగా ఆరతాయి, తొందరగా చిరగవు. వైరు బుట్టలు గుర్తున్నాయా? ఇప్పటికీ మా అత్తగారి బుట్ట ఒకటి చెక్కు చెదరకుండా ఉంది. రైతుబజారుకి దాన్నే పట్టుకెళ్తాను. అందానికి చేసింది కాదది, మోతకి చేసింది.

ఊలు సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు. ఒకప్పుడు స్వెటరు పొట్టిదైతే విప్పి, ఆ ఊలుకి ఇంకో రంగు కలిపి మళ్ళీ అల్లడం మామూలు. ఇప్పుడు అమెరికాలో ఉన్న మన అమ్మాయిలు థ్రిఫ్ట్ స్టోర్లలో నాలుగు డాలర్లకి మంచి ఉన్ని స్వెటరు దొరికిందని, విప్పి అల్లుతున్నామని చెబుతుంటే ముచ్చటేస్తుంది. అయితే కొనేముందు స్వెటరుని తిరగేసి పక్క కుట్లు చూడాలి. ఓవర్‌లాక్ కుట్టు వేసి ఉంటే లోపల అల్లికని కత్తిరించేశారని అర్థం. విప్పితే మూరెడు మూరెడు ముక్కలే చేతికొస్తాయి. గొలుసుకుట్టుతో కలిపి ఉంటే అదృష్టమే, ఒక కొస దొరికితే చాలు, సాగిపోతుంది. ఉన్నియా అక్రిలికా అన్న అనుమానముంటే చిన్న పోగు జాగ్రత్తగా కాల్చి చూడండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలా అవుతుంది. విప్పిన ఊలు వంకీలు వంకీలుగా ఉంటుంది. కుర్చీ వీపుకి చుట్టి చిలపలా తీసి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, కింద కాస్త బరువు కట్టి నీడలో ఆరేస్తే వంకీలు పోతాయి.

హర్యానాలోని పానిపట్టులో ఈ పని మిషన్ల మీద జరుగుతుంది. పాశ్చాత్య దేశాలవాళ్ళు వదిలేసిన ఉన్ని బట్టలు అక్కడికి టన్నుల కొద్దీ వస్తాయి. గుండీలు, జిప్పులు పీకి, రంగుల వారీగా వేరుచేసి, చింపి పీచు చేసి, మళ్ళీ దారం తీసి దుప్పట్లు నేస్తారు. మంచి పనే. కానీ చింపిన పీచు పొట్టిదైపోతుంది కాబట్టి ఆ దుప్పటి గరుగ్గానే ఉంటుంది. చేత్తో విప్పితే దారం తెగదు, మొదటి మెత్తదనం చాలావరకు అలాగే ఉంటుంది. మిషను చెయ్యలేనిది చెయ్యి చేసే చోటు ఇదిగో. మరి దానికి "ఊరికే కూర్చుని" అన్న మాట ఎలా వస్తుంది?

ఇంకొక్క సంగతి కూడా చెప్పాలి. మీకు కుట్టు వచ్చని నలుగురికీ తెలిస్తే చాలు, "నీకు పనికొస్తాయిలే" అంటూ మూటలు మూటలుగా పాత బట్టలు తెచ్చి గుమ్మంలో పెడతారు. సగం ఉతికి కూడా ఉండవు. లోపలి బట్టలు, నూనె మరకల పిల్లోకవర్లు, సాగిపోయిన లెగ్గింగులు. పారెయ్యడానికి మనసొప్పక, తమ ఇల్లు ఖాళీ చేసుకుని మన ఇల్లు నింపుతారన్నమాట. మొహమాటానికి తీసుకుంటే అటక నిండుతుంది, చెయ్యలేదే అన్న దిగులు మనకి మిగులుతుంది. నేనిప్పుడు గుమ్మంలోనే విప్పి చూసి, కావలసిన రెండు తీసుకుని, మిగతావి నవ్వుతూ తిరిగి ఇచ్చేస్తున్నాను. మొదట్లో ముఖం ముడుచుకున్నారు. ఇప్పుడు ఏరి, ఉతికి తెస్తున్నారు.

అమ్ముకునేవాళ్ళకి మరీ చెప్తున్నాను. సరుకు ఊరికే వచ్చింది కదా అని ధర తగ్గించకండి. మా వీధిలో దర్జీని అడిగితే చిన్న సంచి కుట్టడానికే 40 రూపాయలు చెప్పాడు, గుడ్డ మనదే. ఆయన్ని ఎవరూ "టైంపాస్‌కి కుడుతున్నావా" అని అడగరు. అదే సంచి మనం గుడ్డతో సహా 30కి ఇస్తే, కొన్నవాళ్ళు మిగిలిన పది రూపాయలు చూసి మురిసిపోతారే గానీ మన నడుం నొప్పి చూడరు. పైగా దీని మీదే ఇల్లు నడుపుకుంటున్న ఇంకొకామె ధర కూడా మనం పడగొట్టినవాళ్ళమవుతాం. సరదాగా చేసేవాళ్ళకి ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఎవరికైనా ఊరికే ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. నేనూ ఇస్తాను. మా తోటికోడలి మనవడికి బొంత కుట్టి ఇచ్చినప్పుడు నాకు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు. కానీ ఇచ్చేటప్పుడు "ఏముందిలెద్దూ, పాత చీరలేగా" అనడం మానేశాను. "పద్దెనిమిది రోజులు పట్టింది. ఎండలో ఆరెయ్యి, మిషన్లో వెయ్యకు" అని చెప్పి ఇచ్చాను. ఆ అమ్మాయి దాన్ని రెండు చేతులతో అందుకుంది.

మన చేతిపనిని ముందుగా తేలిక చేసేది చాలాసార్లు మన నోరే. ఈసారి ఎవరైనా మీ చేతి సంచి చూసి, పైసా ఖర్చు లేకుండా చేశావే అంటే, నవ్వి ఊరుకోకండి. ఎన్ని గంటలు పట్టిందో చెప్పండి. అలాగే ఇంకొకరు అల్లింది మీ చేతికి వస్తే, ఎంతయింది అని కాకుండా ఎన్నాళ్ళు పట్టింది అని అడిగి చూడండి.